మంగళవారం నీళ్లు

వనపర్తి,
11 జూలై 2004, ఆదివారం.

బిడ్డా శ్రీవాణీ,

అక్కడ రోజూ వానేనని మీ అమ్మ చెప్పింది. ఇక్కడ మబ్బు వస్తుంది, మమ్మల్ని చూసి పోతుంది. నిన్న గద్వాల పోయి వచ్చాను. మీ అమ్మ మగ్గం మీద ఆకుపచ్చ చీర ఉంది. కొంగు దగ్గర కళ్లు మసకబారుతున్నాయట. దవాఖానకు పోదాం రమ్మంటే "గీ చీర దిగనీరా తమ్ముడా" అంటుంది. పోయినసారి ఎర్రచీర దిగనీ అంది. నువ్వొక మాట రాయి. నా మాట ఆమెకు ఎక్కదు.

ఇక అసలు సంగతి. ఫోనులో చెప్పేది కాదు కనుక ఉత్తరం. కింద బొమ్మ కూడా గీశాను.

మా కాలేజీ నీళ్ల ల్యాబు నీకు తెలుసు. సెలవులకు వచ్చినప్పుడు పంపుల మధ్య ఆడుకునేదానివి. గోడకు బిగించిన గాజు గొట్టం గుర్తుందా? బొటనవేలంత లావు, ఆరడుగుల పొడవు. పైన తొట్టి, చివర వాల్వు. గొట్టం నడుమ సన్నటి సూదిలోంచి ఎర్రసిరా వదులుతాం. వాల్వు కొద్దిగా తిప్పితే సిరా దారంలా తిన్నగా పోతుంది. ఇంకొంచెం తిప్పితే వణుకుతుంది. ఇంకా తిప్పితే ఒక్కసారిగా చెదిరి గొట్టమంతా ఎర్రబడుతుంది. చెదరబోయే ముందు నీటి వేగం కొలిచి పిల్లలు ఒక అంకె కడతారు. వేగం పెరిగితే ఆ అంకె పెరుగుతుంది. పుస్తకంలో అది రెండువేల చిల్లర.

వర్ష అని ఒక అమ్మాయి ఉంది, అచ్చంపేట వైపు రైతు మల్లన్న కూతురు. మొన్న మంగళవారం ఆమె చేస్తే ఎనిమిదివేల రెండువందలు వచ్చింది. పుస్తకం ప్రకారం దారం చెదిరే వేగంలో పది లీటర్ల బకెట్ నిండడానికి ఐదు నిమిషాలు పట్టాలి. డెబ్బయి ఎనిమిది సెకన్లకే నిండింది, అయినా దారం చెదరలేదు. ల్యాబు చూసుకునేవాడిగా గడియారం పట్టుకుని నిలబడ్డది నేనే.

రికార్డులు దిద్దే వెంకటేష్ సారు "గిదేం అంకె? ఇంట్ల కూసొని రాసినవా?" అని సున్నా పెట్టాడు. ఆ పిల్ల ఏడవలేదు. "బాలస్వామి సారు గూడ చూసిండు" అంది. దాంతో ప్రిన్సిపాల్ నన్ను పిలిపించాడు.

"చూసినవా?"

"చూసిన సార్."

"అంటే పుస్తకం తప్పా?"

"నాకు తెల్వదు సార్."

"అయితే నీ గొట్టమన్న ఖరాబైంది, లేకుంటే నువ్వన్న అబద్ధమాడుతున్నవ్. నెల దినాలల్ల కారణం రాసియ్యి."

మిగతా పిల్లలందరిదీ రెండువేల వంద. వాళ్లలో చాలామంది గొట్టం వైపు చూడనేలేదు, పాత రికార్డులు చూసి దింపుకున్నారు. అది నాకు తెలుసు. ఆ మాట అక్కడ చెప్పలేదు.

నువ్వు పెద్ద చదువు చదువుతున్నావు. దారం ఎక్కడ చెదరడం మొదలవుతుంది? ఏ చుక్కలో? ఆ చుక్కలో ఏ అణువు దగ్గర? అది తెలిస్తే రాసి ఇస్తాను.

నీ జవాబు కోసం చూస్తూ,
మీ మామ బాలస్వామి


బెంగళూరు,
21 జూలై 2004.

మామా,

నీ ఉత్తరం హాస్టల్ మెట్ల మీదే నిలబడి చదివేశాను. ఏ అణువు దగ్గర అని అడిగావు చూడు, ఆ ప్రశ్న మా క్లాసులో ఒక్కరూ అడగలేదు.

మా ల్యాబులో ద్రవ హీలియం ఉంటుంది. సున్నాకు రెండువందల డెబ్బయ్యొక్క డిగ్రీలు కిందికి చల్లబరిస్తే అది రాపిడే లేకుండా పారుతుంది. అందులో సుడులు పుడతాయి, కానీ వాటికి ఇష్టమొచ్చిన బలం ఉండదు. ప్రతి సుడీ ఒకే కొలతకు కట్టుబడి ఉంటుంది. ఆ కొలతను నిర్ణయించేది క్వాంటమ్ సూత్రం. పారే ద్రవం చెదరడానికి మూలం అక్కడ ఉందని మొదటిసారి చదివినప్పుడు నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

ఇంకొకటి. ఏ ద్రవంలోనూ అణువు నిలకడగా ఉండదు, ఎప్పుడూ కొట్టుకుంటూనే ఉంటుంది. ఆ కొట్టుకోవడంలోంచే మొదటి వణుకు పుడుతుందేమోనని ఆలోచించేవాళ్లు ఉన్నారు. అది ఒక్కోసారి ముందు, ఒక్కోసారి ఆలస్యంగా రావచ్చు కదా!

ఆ అమ్మాయి రికార్డు సంగతి సర్దుకుంటుందిలే. ఇలాంటివి ఇంకా ఉంటే రాయి. అమ్మకు వేరే కార్డు వేస్తున్నాను.

ల్యాబుకు ఆలస్యమవుతోంది,
శ్రీవాణి


వనపర్తి,
8 ఆగస్టు 2004, ఆదివారం.

బిడ్డా,

నువ్వు నా పరువు నిలబెట్టావు. నీ ఉత్తరంలోని క్వాంటమ్ భాగం, అణువుల భాగం తెల్లకాగితం మీద కుదురుగా ఎత్తి రాసి, కింద నీ పేరు, మీ సంస్థ పేరు వేసి ప్రిన్సిపాల్‌కు ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మూడోసారి చదివాడు. "క్వాంటమా?" అన్నాడు. "అవును సార్" అన్నాను. కూర్చోమన్నాడు. ఇరవై ఒక్క ఏళ్లలో ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదలు.

వెంకటేష్ సారు మాత్రం నవ్వాడు. "మన నల్లా నీళ్లల్లకు హీలియం యాడికెల్లొచ్చింది బాలస్వామీ?" అన్నాడు. నీళ్లలో కొంచెమైనా హీలియం ఉంటుందా? రాయి.

ఈలోగా నేను ఊరుకోలేదు. పిల్లలు లేని వేళల్లో పద్నాలుగుసార్లు చేశాను. పన్నెండుసార్లు రెండువేలు, రెండువేల ఐదువందలు. రెండుసార్లు మాత్రం ఏడువేలు దాటింది. ఆ రెండూ మంగళవారాలే! వర్ష చేసింది కూడా మంగళవారమే. పొద్దుటి నుంచి ఆలోచించి పట్టుకున్నాను. మా కాలేజీ ట్యాంకులోకి రోజూ బోరు నీళ్లు ఎక్కుతాయి, మంగళవారం మాత్రం కృష్ణ నీళ్లు వస్తాయి. బోరు నీళ్ల అణువులు గరుకు, కృష్ణ నీళ్ల అణువులు నిమ్మళం అయ్యుండాలి. మన గద్వాలలో కూడా బోరు నీళ్లతో అద్దకం వేస్తే రంగు సరిగా పట్టదని మీ తాత అనేవాడు.

అందుకని బీచుపల్లి పోయి నదిలోంచే నీళ్లు తెద్దామనుకుంటున్నాను. నీ మాట నిజమని తేలిపోతుంది.

సంతోషంతో,
మామ


బెంగళూరు,
17 ఆగస్టు 2004.

మామా,

ఎంత పని చేశావు! నేను హీలియం గురించి రాసింది హీలియం గురించే. నీళ్ల గురించి కాదు. నీళ్లలో హీలియం లేదు. ఉన్నా ఆ గొట్టానికి సంబంధం లేదు. దయచేసి ఆ కాగితం వెనక్కి తీసుకో. మా సంస్థ పేరుతో, నా సంతకం లేకుండా, నాకు తెలియకుండా ఒక తప్పు మాట ఇచ్చావు. ఇది మా సారు చెవిన పడితే నేనేమని చెప్పుకోను?

బోరు అణువులు, కృష్ణ అణువులు అని వేరే ఉండవు. రెండూ నీళ్లే. నీళ్లు చల్లగా ఉంటే కొంచెం చిక్కబడతాయి, అంకె కొంత మారుతుంది. అంతే. దానితో రెండువేలు ఎనిమిదివేలు కాదు.

మా సారును పేర్లు చెప్పకుండా అడిగాను. ఆయన ఇలా అన్నారు: అణువుల కొట్టుకోవడం చీమ నడక అనుకుంటే, ఈ వరండాలో మనం నడిచే అదురు ఏనుగు నడక. ముందు ఏనుగులను లెక్కపెట్టాలి. అయితే ఏనుగులన్నిటినీ తరిమేశాక చివరికి చెదరగొట్టేది చీమేనా అంటే, "అది నాకు తెలియదు" అన్నారు. ఆయన తెలియదనడం నేనెప్పుడూ వినలేదు.

నాకు అనిపించేది చెప్పనా? ఆ అమ్మాయి బకెట్ కొలత తప్పు రాసుకుని ఉంటుంది. నువ్వు ఆమె మీద జాలితో అదే చూశాననుకుని ఉంటావు. అలా జరుగుతుంది, తప్పేం లేదు. తనను మళ్లీ చేసి దిద్దుకోమను.

శ్రీవాణి


వనపర్తి,
5 సెప్టెంబరు 2004, ఆదివారం.

శ్రీవాణికి,

కాగితం వెనక్కి తీసుకున్నాను. ప్రిన్సిపాల్ ఈసారి కూర్చోమనలేదు. "మీ మేనకోడలు రాసింది గూడ అబద్ధమేనా?" అన్నాడు. ఆమె రాసింది నిజమే, నాకే అర్థం కాలేదని చెప్పాను. మెమో చేతికిచ్చాడు. విద్యార్థిని తప్పుదారి పట్టించానని అందులో ఉంది.

నీళ్లు తెచ్చాను. ఇవి పుష్కరాల రోజులని మరిచిపోయి బయల్దేరాను. బీచుపల్లిలో నేల కనబడలేదు, అంత మంది. మూడు క్యాన్లతో బస్సెక్కితే పుణ్యానికి మోసుకుపోతున్నాననుకుని కండక్టరు వాటిని డ్రైవరు వెనక పెట్టించాడు. ఒకామె క్యాన్లకు బొట్టు పెట్టింది. ల్యాబులో వెంకటేష్ సారు చూసి "ఇగ తీర్థంతోని ప్రయోగాలా?" అన్నాడు. గురువారం నాడు ఆ నీళ్లే పోసి చేశాను. రెండువేల మూడువందల దగ్గర దారం చెదిరింది. బొట్టుతో సహా క్యాన్లు మూలన పెట్టాను.

అణువులు కాదన్నావు, కాదు. నీళ్లు అనుకున్నాను, అవీ కాదు. ఇక నాకేమీ తెలియదు.

వర్ష తండ్రి మల్లన్న వచ్చాడు. నా ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడితే నాకే సిగ్గేసింది. "మా పిల్ల అబద్ధమాడదు సారూ. గని సదువు ఆగుతదేమో అని భయమైతుంది" అన్నాడు. ఆ పిల్ల తలవంచుకుని, "సార్, నేను రెండువేల వంద అని రాసిస్త. నాకెందుకీ లొల్లి?" అంది. వద్దనడానికి నా దగ్గర ఏముంది? నీ ఇష్టం బిడ్డా అన్నాను. అదే రోజు రాసిచ్చింది. పదికి తొమ్మిది వేశారు.

గడియారం నా చేతిలో ఉంది శ్రీవాణీ. బకెట్ నేనే పెట్టాను. జాలితో కళ్లు కనబడకుండా పోవు.

బాలస్వామి


బెంగళూరు,
9 సెప్టెంబరు 2004.

మామా,

నీ ఉత్తరం ఇవాళే వచ్చింది. "మీ మామ" అని లేకుండా నీ పేరొక్కటే ఉండడం ముందు చూశాను, తరువాత మిగతాది చదివాను.

వెంకటేష్ సారు ఆ అమ్మాయితో ఏమన్నాడో నేనూ నీతో అదే అన్నాను. ఇక్కడ కూర్చుని, గొట్టాన్ని చూడకుండా, చూసినవాడికి కనబడలేదని రాశాను. మొదటి ఉత్తరంలో నువ్వు అడిగింది ఆ పిల్ల గురించి. నాకు అణువు మాట ఒక్కటే వినబడింది. తప్పు నాది.

చదవగానే లైబ్రరీకి పోయి పాత వ్యాసాలు తీయించాను. ఈ ప్రయోగం మొట్టమొదట చేసినాయనే, నూట ఇరవై ఏళ్ల కిందట, నీళ్లను గంటలు గంటలు కదలకుండా ఉంచి చేస్తే అంకె పన్నెండువేలు దాటిందట! తరువాతివాళ్లు ఇంకా పైకి తీసుకుపోయారు. పుస్తకంలో రాసే రెండువేలు కింది హద్దు మాత్రమే. అంతకు తక్కువలో ఎంత కదిపినా దారం మళ్లీ సర్దుకుంటుంది. అది దాటాక ఎప్పుడు చెదురుతుందో కదిపేవాటిని బట్టి ఉంటుంది. అంటే వర్ష అంకె అబద్ధం కానవసరం లేదు. ఇది నాకు ముందే తెలిసి ఉండాల్సింది. హీలియంలో మునిగి మామూలు నీళ్లు మరిచిపోయాను.

ఇప్పుడు నేను ఊహలు రాయను, అడుగుతాను. మంగళవారం ఎన్ని గంటలకు చేశావు? ఫ్యాను తిరుగుతోందా? తొట్టి నింపి ఎంతసేపు ఆగావు? గోడ అవతల ఏముంది? ఆ రోజు లేనిదీ మిగతా రోజులు ఉన్నదీ ఏమిటి? నవ్వులాటగా అనిపించినా ఒక్కొక్కటీ చూసి రాయి. నువ్వు చూశావంటే ఇక నాకు అదే లెక్క.

కోపం పోయేదాకా ఎదురుచూసే,
నీ శ్రీవాణి


వనపర్తి,
19 సెప్టెంబరు 2004, ఆదివారం.

బిడ్డా శ్రీవాణీ,

నిన్న వినాయక చవితి. మీ అత్త ఉండ్రాళ్లు చేసింది. నీకు పంపలేం కనుక నీ వంతు కూడా నేనే తిన్నాను. కోపం సోమవారమే పోయింది, నువ్వు కార్డు కాకుండా ఇంత మందం కవరు పంపడం చూసి.

నీ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని గోడకు అంటించాను. మంగళవారం రెండున్నరకు తొట్టి నింపి, పావుగంట ఆగి మొదలుపెట్టాను. ఫ్యాను తిరగడం లేదు. ఎందుకు తిరగడం లేదని పైకి చూశాను. కరెంటు లేదు. ఈ జూలై నుంచి మా వైపు మంగళవారం రెండు నుంచి నాలుగు వరకు కోత. మిగతా రోజుల్లో కాలేజీ తెరవక ముందే పోయి వస్తుంది. నీళ్లు పైనుంచి వాటంతటవే దిగుతాయి కదా, కరెంటుతో మాకేం పని అని ఎన్నడూ పట్టించుకోలేదు.

కరెంటు లేకపోతే గోడ అవతల ఏముండదు? వర్క్‌షాపు! లేతు మిషన్లు, గాలి కొట్టే కంప్రెసరు అన్నీ అదే గోడకు ఆనుకుని ఉన్నాయి. మా గొట్టం బిగించింది కూడా ఆ గోడకే. ఆ రోజు దారం ఏడువేల తొమ్మిదివందల వరకు తిన్నగా పోయింది. నాలుగింటికి కరెంటు వచ్చింది. గోడ మీద చెయ్యి పెట్టాను, సన్నగా అదురుతోంది. నా కళ్ల ముందే దారం ముక్కలైపోయింది. వాల్వు నేను ముట్టుకోలేదు.

గురువారం వెంకటేష్ సారును బతిమాలి తీసుకొచ్చాను. వర్షనూ పిలిచాను. వర్క్‌షాపు చూసే ఏసురత్నం కిటికీ దగ్గర నిలబడ్డాడు. "బంద్ చెయ్యి" అని అరిచాను. మిషన్లు ఆగాయి. వాల్వు తిప్పుకుంటూ పోయాను. సారు ముక్కు గొట్టానికి ఆనించి చూస్తున్నాడు.

"ఇంకా తిప్పు."

"ఏడువేలు దాటింది సార్."

"ఇంకా!"

అప్పుడు ఏసురత్నానికి చెయ్యి ఊపాను. కంప్రెసరు మొదలైంది. ఒక్క క్షణంలో గొట్టమంతా ఎర్రగా అయిపోయింది.

సారు "మళ్లొకసారి పెట్టు" అన్నాడు. మూడుసార్లు పెట్టాను. చివరికి ఆ పిల్ల వైపు తిరిగి, "నేను నీ గొట్టం కాడికి రాకుండనే సున్నా పెట్టిన" అన్నాడు.

సంతోషించాలి కదా? ఆ పిల్ల సంతోషించలేదు. బయటికి వచ్చాక నన్ను అడిగింది, "నిజం రాస్తే సున్నా వచ్చింది, అబద్ధం రాస్తే తొమ్మిదొచ్చింది. గిప్పుడు నా రికార్డుల ఏదుండాలె సార్?" ఆ జవాబు నీకు తెలుసా?

మీ మామ


బెంగళూరు,
28 సెప్టెంబరు 2004.

మామా,

నీ ఉత్తరం మా సారుకు చదివి వినిపించాను, ఈసారి మీ పేర్లన్నీ చెప్పి. ఆయన మీరు నలుగురూ ఎక్కడ నిలబడ్డారో బొమ్మ గీయించుకున్నారు. మా ల్యాబు కింద లిఫ్టు మోటారు ఉంది. "పద, మన కొలతల్లో ఎన్ని లిఫ్టువో చూద్దాం" అన్నారు. చూస్తున్నాం. నా రెండేళ్ల కొలతల్లో ఐదు నెలలవి అనుమానంగా ఉన్నాయి. భయంగా ఉంది. కానీ తెలియకుండా ముందుకు పోవడం కంటే ఇదే నయమనిపిస్తోంది.

గోడ అదురు దారాన్ని చెదరగొట్టిందని మనకు తెలిసింది. కానీ చిన్న అదురు అంత పెద్ద కలతగా ఎలా మారుతుందో, అసలు ఏ అదురూ లేని చోట మొదటి వణుకు అణువుదేనా అన్నది నాకు జూలైలో ఎంత తెలియదో ఇప్పుడూ అంతే తెలియదు. అప్పుడు తెలుసనుకున్నాను, అంతే తేడా.

ఇక వర్ష ప్రశ్న. నేనైతే రెండు అంకెలూ రాస్తాను, ఏది ఎప్పుడు వచ్చిందో పక్కన రాస్తాను. కానీ మార్కులు పోతే భరించాల్సింది తను. తనే తేల్చుకోవాలి.

అమ్మ కంటి ఆపరేషనుకు ఒప్పుకుంది. దసరాకు నాలుగు రోజులు ముందే వస్తాను.

ప్రేమతో,
శ్రీవాణి


వనపర్తి,
21 నవంబరు 2004, ఆదివారం.

బిడ్డా శ్రీవాణీ,

మీ అమ్మకు కట్టు విప్పారు. మొట్టమొదట నా తల చూసి "ఎప్పుడు నెరిసినవురా?" అంది. బాగా కనబడుతున్నట్టే.

మెమో అలాగే ఫైలులో ఉంది. వెంకటేష్ సారు రెండుసార్లు అడిగినా ప్రిన్సిపాల్ "పోనియ్, ఎవరు చూస్తరు" అంటున్నాడు. ఆయన తలలోంచి నీ క్వాంటమ్ మాత్రం దిగిపోలేదు. మొన్న ఊరి పెద్దలు వస్తే నన్ను చూపించి "మా ల్యాబుల క్వాంటమ్ ప్రయోగం జరిగింది" అన్నాడు. కాదు సార్, కంప్రెసరు అని చెప్పబోయాను. అప్పటికే వాళ్లు చప్పట్లు కొట్టారు.

బుధవారం వర్ష వాళ్ల ప్రాక్టికల్ పరీక్ష. హైదరాబాద్ నుంచి పెద్దాయన ఒకరు పరీక్షకుడిగా వచ్చారు. చీటీ తీస్తే వర్షకు ఆ గొట్టమే వచ్చింది. గోడ అవతల మిషన్లన్నీ నడుస్తున్నాయి.

ఆయన మొదట ఆమె రికార్డు తెరిచాడు. అందులో రెండువేల వంద ఉంది. దాని కింద, ఎప్పుడు రాసిందో నాకూ తెలియదు, "ఇది నేను చూసిన అంకె కాదు. చూసింది 8,200" అని ఉంది. పక్కన వెంకటేష్ సారు ఎర్రసిరాతో సంతకం చేశాడు.

"ఏందమ్మా ఇది? రెండు అంకెలేంది? ఏది సరైంది?" అన్నాడాయన.

ఆ పిల్ల గొట్టం పక్కన నిలబడింది. "సార్, పక్క రూముల మిషన్లు బంద్ పెట్టమంటరా, నడవనియ్యమంటరా? ముందు అది చెప్పున్రి. అప్పుడు ఏదొస్తదో నేను చెప్త."

ఆయన కలం మూత పెట్టాడు. ఆమెను చూశాడు, నన్ను చూశాడు, గోడను చూశాడు. తరువాత కుర్చీ లాక్కుని గొట్టం ముందు కూర్చుని, "రెండు తీర్ల చేసి చూపియ్యమ్మా" అన్నాడు.

నేను తొట్టి నింపడానికి లేచాను.

మీ మామ,
బాలస్వామి